రెండో వైపు: శని గ్రహం నుంచి వచ్చినాయన, టీషర్టు మీది బొమ్మ

పోయిన సంచికలో సన్ రా అనే పియానో వాయిద్యకారుడి గురించి నాలుగు ముక్కలు రాశాను. అమెరికాలో పుట్టిన నల్లజాతి ఆయన. తాను భూమ్మీద మనిషిని కాదని, శని గ్రహం నుంచి వచ్చానని బతికినన్నాళ్ళూ చెప్పుకున్నాడు. నల్లవాళ్ళ పాటనూ వేషాన్నీ లోకం సరుకు చేసుకుని, వాళ్ళను పక్కకు నెట్టిందని కూడా అన్నాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. మామూలుగా ఈ పేజీకి "ఫలానా పాట ఏ సినిమాలోది", "క్యాసెట్టుకు బూజు పడితే ఎట్టా తుడవాలి" లాంటివి వస్తాయి. ఈసారి వాటిని పక్కన పెట్టాను. బూజు వాళ్ళు ఒక్క నెల ఓర్చుకోవాలి.

కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట. నేను పండితుణ్ణి కాను. నెల్లూరు వీఆర్సీ సెంటరు దగ్గర ఒక సందులో ఇరవై రెండేళ్ళు రికార్డింగు సెంటరు నడిపాను. నాకు తెలిసిందంతా ఆ బల్ల వెనక కూర్చుని విన్నది, దుకాణం మూసేశాక తీరిగ్గా చదువుకున్నది.

ప్ర: సన్ రా నిజంగానే శని నుంచి వచ్చానని నమ్మాడా? జనాన్ని ఆకట్టుకోడానికి వేసిన వేషమా?
— ఇంటర్ విద్యార్థి, ఒంగోలు

జ: అబ్బయ్యా, మన ఇళ్ళలో శని పేరెత్తితే నువ్వుల నూనె సీసా ఎక్కడుందా అని వెతుక్కుంటారు. ఆయన కోరి కోరి అక్కణ్ణించే వచ్చానన్నాడు!

1914లో అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు పెట్టిన పేరు హెర్మన్ బ్లౌంట్. ఆ ఊళ్ళో బడి, బస్సులో సీటు, మంచినీళ్ళ కొళాయి అన్నీ తెల్లవాళ్ళకు వేరు, నల్లవాళ్ళకు వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టనన్నందుకు జైల్లో పెట్టారు. 1952లో చట్టప్రకారం పేరు మార్చుకున్నాడు. పెద్ద రికార్డు కంపెనీల వెంట తిరక్కుండా, షికాగోలో ఒక స్నేహితుడితో కలిసి 'శాటర్న్' పేరుతోనే సొంత కంపెనీ పెట్టాడు. అట్టల మీద బొమ్మలు బృందంలో వాళ్ళే చేత్తో వేసి, కచేరీల దగ్గర అమ్మేవాళ్ళు.

1974లో వచ్చిన ఆయన సినిమాలో ఒక ఘట్టం ఉంది. ఓక్లండ్‌లో నల్ల కుర్రకారు కూర్చునే చోటికి ఈజిప్టు రాజు మాదిరి కిరీటం పెట్టుకుని వస్తాడు. వాళ్ళు నవ్వి, "నువ్వు నిజమేనా?" అంటారు. "నేను నిజం కాదు, మీరూ కాదు. మీరు ఈ దేశంలో నిజంగా ఉన్నట్టయితే, హక్కులు ఇప్పించండని మీ వాళ్ళు అడుక్కోవాల్సిన పనేముంది?" ఇదీ ఆయన జవాబు సారం. నవ్వినవాళ్ళు నవ్వు ఆపేస్తారు. ఆ మాట అన్న మనిషిని శని గ్రహం రుజువు అడగబుద్ధి కాలేదు నాకు.

ప్ర: తాతగారూ, మా కాలేజీ వార్షికోత్సవానికి ఈ ఏడు 'ఆఫ్రోఫ్యూచరిజం' థీమ్ పెట్టారు. డాన్సు చేసేవాళ్ళం ముఖానికి నల్ల రంగు పూసుకుని, దాని మీద వెండి చుక్కలు పెట్టుకుని, ఉంగరాల జుట్టు విగ్గులు పెట్టుకోవాలట. నాకు ఎందుకో ఇబ్బందిగా ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నాను. ఫ్రెండ్సు 'ఓవర్ చేస్తున్నావ్' అంటున్నారు.
— డిగ్రీ విద్యార్థిని, కావలి

జ: తల్లీ, ముందు రంగు సంగతి తేల్చేద్దాం. పూసుకోవద్దు. 1830ల్లో థామస్ రైస్ అనే తెల్ల నటుడు ముఖానికి మసి పూసుకుని, నల్లవాళ్ళ నడకనీ మాటనీ వెక్కిరిస్తూ 'జిమ్ క్రో' అనే పాత్ర కట్టి అమెరికాలో ఊరూరా ఆడాడు. జనం విరగబడి చూశారు. తర్వాత రోజుల్లో నల్లవాళ్ళను రైళ్ళలో, బళ్ళలో, హోటళ్ళలో వేరుగా కూర్చోబెట్టిన చట్టాలకు ఆ వేషం పేరే స్థిరపడిపోయింది. మీ పిలకాయలు ఇదంతా తెలిసి పూసుకుంటున్నారని నేననను. ఈ పేజీ చూపించు. చూశాక కూడా పూసుకుంటామంటే అప్పుడు ఓవర్ చేసేది ఎవరో తేలుతుంది.

ఇక ఆ పెద్ద మాట. 1993లో మార్క్ డెరీ అనే రచయిత, ముగ్గురు నల్లజాతి రచయితలతో చేసిన ముఖాముఖిలకు ముందుమాట రాస్తూ, నల్లవాళ్ళు తమ రేపటిని ఊహించుకునే కథలకూ కళకూ 'ఆఫ్రోఫ్యూచరిజం' అని పేరు పెట్టాడు. ఆయన తెల్లవాడు. ఆయన వేసిన ప్రశ్న మాత్రం మంచిది: పథకం ప్రకారం గతాన్ని తుడిచేసిన జాతి, మిగిలిన ఆనవాళ్ళు వెతుక్కోవడంలోనే సత్తువంతా ఖర్చయిపోయిన జాతి, రేపటిని ఊహించుకోగలదా?

ఊహించుకోగలదని అప్పటికే డెబ్భై ఏళ్ళుగా వాళ్ళు చూపిస్తూనే ఉన్నారు. 1920లో డుబాయిస్ అనే మహా పండితుడు ఒక కథ రాశాడు. తోకచుక్క విషవాయువుకు న్యూయార్కు నగరమంతా చచ్చిపోతుంది. బ్యాంకులో కబుర్లు మోసే ఒక నల్ల మనిషి, ఒక ధనవంతుల తెల్ల పిల్ల మిగులుతారు. కొన్ని గంటల పాటు ఇద్దరూ ఉత్త మనుషులు. ఊరి బయట ఇంకా జనం బతికే ఉన్నారని తెలిసిన నిమిషంలో పాత గోడ మళ్ళీ లేచి నిలబడుతుంది. ప్రపంచం అంతమైతే తప్ప మనిషిగా చూడరన్నమాట. అందులో వెండి చుక్కలు లేవు తల్లీ.

నన్ను బాగా పట్టుకున్నది ఇంకొకటి. డెట్రాయిట్‌లో డ్రెక్సియా అని ఒక జంట ఉండేది. యంత్రాల మీద దరువు కట్టే టెక్నో సంగీతం చేసేవాళ్ళు. (టెక్నో అంటే బెర్లిన్ క్లబ్బులు గుర్తొస్తాయి గానీ, దాన్ని పుట్టించింది కార్ల ఫ్యాక్టరీల డెట్రాయిట్ చుట్టుపక్కల నల్ల కుర్రాళ్ళు.) 1997లో వచ్చిన వాళ్ళ రికార్డు అట్ట మీద చిన్న కథ అచ్చు వేశారు. బానిసలను ఓడల్లో తోలుకుపోయేటప్పుడు, నిండు చూలాళ్ళను బరువని సముద్రంలోకి విసిరేసేవాళ్ళు. వాళ్ళ కడుపులో బిడ్డలు అప్పటిదాకా ఉమ్మనీటిలోనే ఉన్నారు కదా. గాలి పీల్చాల్సిన అవసరమే రాకుండా, నీళ్ళలోనే పుట్టి, అడుగున ఒక రాజ్యం కట్టుకుని ఉంటే? ఆ పాటల్లో చాలావాటికి మాటలే ఉండవు. మా మనవడి ఫోనులో, మైపాడు ఒడ్డున కూర్చుని విన్నాను. అలల రొదలో ఏది పాటో ఏది సముద్రమో తెలీలేదు. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఇప్పుడు నీ ఇబ్బంది దగ్గరికి వద్దాం. విసిరేసిన తల్లుల కథ లోపలుంది. పైన మిలమిలలాడే బట్ట ఉంది. బజారుకు బట్ట చాలు. జార్జ్ క్లింటన్ అని న్యూజెర్సీలో క్షౌరశాల నడిపి, తర్వాత పాటల బృందం పెట్టినాయన, 1975లో అంతరిక్ష నౌక పేరుతో ఒక ఆల్బం చేశాడు. ఆ తర్వాత కచేరీల్లో నిజంగానే ఒక పెద్ద రేకు నౌకను వేదిక మీదికి దించేవాడు. నల్లవాళ్ళు ఉంటారని ఎవరూ ఊహించని చోట వాళ్ళను కూర్చోబెట్టాలనిపించిందట ఆయనకు. అలాంటిదే మరో నౌక ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. నౌకను చూసి బట్టలు కుట్టించుకున్నవాళ్ళు వేలల్లో ఉంటారు. ఎవరూ ఊహించని చోటు ఏదని అడిగేవాళ్ళు వాళ్ళలో ఎందరు?

మీ స్టేజీ మీద ఆ ప్రశ్న అడగండి. రెండొందల ఏళ్ళ తర్వాత కావలి రైల్వే స్టేషన్లో ఎవరు స్టేషను మాస్టరు, ఎవరు పట్టాలు ఊడ్చేవాళ్ళు? ఆ నాటకానికి విగ్గులు అక్కర్లేదు. డబ్బు కూడా తక్కువే అవుతుంది, ఈ మాట చెబితే మీ ప్రిన్సిపాలు వెంటనే ఒప్పుకుంటారు.

ప్ర: అన్నా, నేను టీషర్టులు ప్రింటు చేసి అమ్ముతాను. నెట్లో ఒక బొమ్మ దొరికింది. నల్లావిడ, మెడ నిండా బంగారు కడియాలు, తల చుట్టూ గ్రహాలు. షర్టు 300 రూపాయలకు బాగా పోతోంది. మా బావ 'ఎవరిదో అడగకుండా వేస్తే తప్పు' అంటాడు. పెద్ద పెద్ద కంపెనీలే వేసుకుంటుంటే మా బోటి చిన్నవాళ్ళ మీద పడతారేంది?
— చిరువ్యాపారి, ఒంగోలు

జ: తమ్ముడూ, నీకు నీతులు చెప్పే అర్హత నాకు లేదు, ముందు అది ఒప్పుకుంటా. మా సెంటరు బోర్డు మీద 'రికార్డింగు' అని రాసుంటే గౌరవంగా ఉండేది. చేసిన పని కాపీ కొట్టడం. మద్రాసు బర్మా బజారు నుంచి ఒక్క క్యాసెట్టు తెచ్చి, ఖాళీ క్యాసెట్ల మీదికి పాటకు రూపాయి చొప్పున ఎక్కించి ఇచ్చేవాణ్ణి. నా ఇల్లు అట్టా లేచింది. పాడినవాళ్ళలో ఒక్కరికీ నా రూపాయిలో పైసా పోలేదు. దుకాణం గోడకు ఒక నల్ల గాయని పోస్టరు ఉండేది, పేరేందని పిలకాయలు అడిగితే 'ఎవరో ఇంగ్లీషామె' అనేవాణ్ణి. డబ్బు ఎగ్గొట్టిన దానికన్నా ఆ మాటే నన్ను ఇప్పటికీ పొడుస్తుంది.

పెద్ద కంపెనీల సంగతి అన్నావు కాబట్టి వాళ్ళదే చెబుతా. 2018లో 'బ్లాక్ పాంథర్' సినిమా వచ్చింది. ఎవరి పాలనకూ లొంగని ఆఫ్రికా రాజ్యం, ప్రపంచాన్ని మించిన సైన్సు. నేను నెల్లూరులో చూశాను, బాగుంది, చప్పట్లు కూడా కొట్టాను. దుస్తులు చేసిన రూత్ కార్టర్‌కు ఆస్కార్ వచ్చింది, ఆ విభాగంలో గెలిచిన మొదటి నల్ల మహిళ ఆవిడే. ప్రపంచమంతా కలిపి 130 కోట్ల డాలర్లు దాటి వసూలైంది. ఆ సినిమా కోసం చేసిన ఒక పాట వీడియోలో నలుపు మీద బంగారు గీతలతో ఒక దృశ్యం వస్తుంది. లీనా ఐరిస్ విక్టర్ అనే చిత్రకారిణి అది చూసి నివ్వెరపోయింది. లైబీరియా మూలాలున్న మనిషి. బంగారు రేకుతో నెలల తరబడి అచ్చం అలాంటి చిత్రాలే వేస్తుంది. అంతకుముందు ఆమె చిత్రాలు కావాలని సినిమా వాళ్ళు రెండుసార్లు అడిగారని, తాను ఒప్పుకోలేదని చెప్పి కోర్టుకెక్కింది. ఆ ఏడాది చివర్లో రాజీ అయింది.

చూశావా, నల్లవాళ్ళ ఆత్మగౌరవం గురించి తీసిన సినిమా చుట్టూనే ఒక నల్ల చిత్రకారిణి నా గీతలు నావని మొత్తుకోవాల్సి వచ్చింది. అందుకే 'పెద్దవాళ్ళు చేస్తున్నారు' అనేది నీకు సాకుగా పనికిరాదు. వాళ్ళకు లాయర్లున్నారు, నీకు మీ బావ ఉన్నాడు.

చేయాల్సింది చెబుతా. ఫోనులో ఆ బొమ్మనే పెట్టి వెతికితే మొదట ఎవరు వేశారో చాలాసార్లు దొరుకుతుంది. దొరికితే ఉత్తరం రాయి. ఇన్ని షర్టులు అమ్మాను, ఇకమీదట షర్టుకు ఇంతని ఇస్తాను, ఒప్పుకుంటారా అని అడుగు. ఒప్పుకుంటే షర్టు లోపల మెడ దగ్గర ఆవిడ పేరు వెయ్యి. కాదంటే ఆపెయ్యి. మనిషి దొరక్కపోయినా ఆపెయ్యి. వెంకటగిరి బుటా మరమగ్గం మీద దిగి సగం ధరకు అమ్ముడైనప్పుడు మగ్గం గుంటలో కూర్చున్నవాడి కడుపు ఎట్టా మండుతుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు కదా.

నెల్లూరు రొట్టెల పండక్కి వచ్చావా ఎప్పుడైనా? స్వర్ణాల చెరువులో నిలబడి, కోరిక తీరినవాళ్ళ చేతినుంచి రొట్టె పట్టుకుంటారు. పట్టుకున్నాక ఊరికే పోకూడదు. కోరిక తీరితే మరుసటేడు అదే చెరువుకు వచ్చి, నీ రొట్టె ఇంకొకరి చేతిలో పెట్టాలి. సంగీతమైనా బొమ్మయినా ఒకరి నుంచి ఒకరు పట్టుకోకుండా బతకవు. నువ్వూ నేనూ రొట్టె తిన్నాం. చెరువుకు తిరిగి పోలేదు.

ప్ర: క్రిస్మస్‌కు మా ఇంట్లో ఏటా 'రివర్స్ ఆఫ్ బాబిలోన్' పాట పెట్టుకుంటాం. బోనీ ఎమ్ వాళ్ళది. మా అబ్బాయి 'అది కూడా ఇలాంటి సరుకే' అని నవ్వాడు. నిజమా?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, చీమకుర్తి

జ: టీచరమ్మా, ఆ క్యాసెట్టు నేను ఎన్ని వందలు ఎక్కించానో లెక్కలేదు. ఆల్బం పేరు చూడండి, అర్థం 'శుక్ర గ్రహానికి రాత్రి ప్రయాణం'. 1978. మొదలుపెట్టగానే రాకెట్టు ఎగరబోతున్నట్టు ప్రకటన వినిపిస్తుంది. నల్ల గాయకులు, అంతరిక్షం, మెరుపు బట్టలు. పైకి చూస్తే సన్ రా చెల్లెళ్ళే అనుకోవాలి.

తెర వెనక ఫ్రాంక్ ఫేరియన్ అనే జర్మన్ నిర్మాత ఉన్నాడు. వేదిక మీద గిరగిరా తిరిగి ఊపేసిన బాబీ ఫారెల్, అరూబా దీవి మనిషి, రికార్డుల్లో పాడలేదు. ఆ బొంగురు గొంతు ఫేరియన్‌దే. నలుగురిలో జమైకాలో పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళు, లిజ్ మిచెల్, మార్షియా బారెట్, నిజంగా పాడారు. అంటే ముఖం నల్లవాడిది, గొంతు తెల్లవాడిది, గల్లాపెట్టె ఎవరిదో చెప్పక్కర్లేదు. మా దుకాణంలో బాబీ ఫారెల్ పోస్టరుకు దండ వేసిన పిలకాయలకు ఈ సంగతి చెప్పి ఉంటే కొట్టేవాళ్ళు నన్ను.

ఆ పాట అసలు జమైకాలో 1970లో మెలోడియన్స్ అనే ముగ్గురు చేసింది. 137వ కీర్తన మీకు కంఠతా వచ్చి ఉంటుంది, బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును తలుచుకుని ఏడ్చిన చెరపట్టబడ్డవాళ్ళ పాట. రాస్తఫారీ మతం నల్లవాళ్ళకు అది బైబిలు కాలపు ముచ్చట కాదు. ఆఫ్రికా నుంచి తెచ్చి పడేసిన ఈ దీవులే బబులోను, ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీయే తమ రాజు. అందుకే వాళ్ళ పాటలో 'ఆల్ఫా రాజు పాట పరాయి దేశంలో ఎట్టా పాడేది' అని ఉంటుంది. బోనీ ఎమ్ పాటలో ఆల్ఫా రాజు పోయి 'ప్రభువు' వచ్చాడు. మాట మార్చాక అందరికీ నప్పింది, బ్రిటన్‌లో ఒకటో స్థానానికి పోయింది. రచయితల పేర్ల దగ్గర ఆ జమైకా వాళ్ళ పక్కన ఫేరియన్ పేరూ చేరింది.

మీ అబ్బాయి సగం నిజం చెప్పాడు. పాట మానేయమని నేననను. లిజ్ మిచెల్ గొంతులో దొంగతనమేమీ లేదు. ఈ క్రిస్మస్‌కు ముందు మెలోడియన్స్ పాడింది పెట్టండి, తర్వాత ఇది పెట్టండి. మొదటిది నెమ్మదిగా నడుస్తుంది, గెంతడానికి పనికిరాదు. అప్పుడు మీ అబ్బాయి ముఖం చూసి నాకు రాయండి.

ప్ర: పెద్దాయనా, ఈ ఏడుపు దేనికి? ఇడ్లీ ఎవడిది, దోశ ఎవడిది? రేపు కారం దోశ తిన్నందుకు మీ నెల్లూరోళ్ళకు కప్పం కట్టాలా? పాట గాలిలాంటిది. నల్లోళ్ళ స్టైలు నచ్చింది, ప్రపంచం తీసుకుంది. దాంట్లో వాళ్ళకూ పేరొచ్చిందిగా.
— ఒక పాఠకుడు, గిద్దలూరు

జ: కారం దోశకు కప్పం అక్కర్లేదు, వస్తే నేనే పెట్టిస్తా. 'వాళ్ళకూ పేరొచ్చింది' అన్నారే, ఆ ఒక్కటి సరిచూద్దాం.

1969లో విన్‌స్టన్స్ అనే బృందం ఒక పాట రికార్డు చేసింది. మధ్యలో గ్రెగరీ కోల్‌మన్ అనే డ్రమ్ము వాయిద్యకారుడు ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయిస్తాడు. ఆ ఆరేడు సెకన్లు కత్తిరించి, అతికించి, వేల పాటల్లో వాడారు. ఇంగ్లండులో జంగిల్ అనే సంగీతం చాలావరకు దాని మీదే నిలబడింది. కోల్‌మన్ 2006లో ఇల్లు లేని స్థితిలో చనిపోయాడు. బృందం నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 2015లో కొందరు సంగీతాభిమానులు చందాలెత్తి 24,000 పౌన్లు ఇచ్చారు. అది రాయల్టీ కాదు, చందా.

పేరు సంగతికొస్తే, వేగంగా, గరుకుగా మోగే పంక్ రాక్ తెల్ల కుర్రాళ్ళ సంగీతమని లోకమంతా అనుకుంది. డెట్రాయిట్‌లో హాక్నీ అనే ముగ్గురు నల్ల అన్నదమ్ములు 1975 నాటికే ఆ వేగంతో ఏడు పాటలు రికార్డు చేశారు. బృందం పేరు 'డెత్', మన మాటలో చావు. పేరు మార్చుకుంటే ఒప్పందం ఇస్తానన్నాడు పెద్ద కంపెనీ అధిపతి. పెద్దన్న డేవిడ్ మార్చనన్నాడు. సొంతంగా 500 రికార్డులు అచ్చేసుకుని ఊరుకున్నారు. డేవిడ్ 2000లో పోయాడు. ఆల్బం బయటికొచ్చింది 2009లో. ఇప్పుడు అందరూ 'మొదటివాళ్ళు వీళ్ళే' అంటున్నారు. ఎవరికి వినబడాలి ఆ మాట?

ఇంకొకటి, ఇది నాకు ఇష్టమైన కథ, ఎందుకంటే ఇందులో చిన్నవాడు గెలుస్తాడు. డెట్రాయిట్‌లోనే అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే బృందం ఉంది. ముఖాలకు ముసుగులు వేసుకుని, సొంత కంపెనీ పెట్టుకుని, పెద్దవాళ్ళతో పొత్తు లేకుండా బతికేవాళ్ళు. 1999లో వాళ్ళ 'జాగ్వార్' పాట ఊపేసింది. సోనీ జర్మనీ శాఖ అనుమతి లేకుండా అదే పాటకు నకలు చేయించి వదలబోయింది. ప్రపంచం నలుమూలల నుంచి అభిమానులు ఈమెయిళ్ళతో దాడి చేశారు. సోనీ వెనక్కి తగ్గింది.

అన్నీ బయటివాళ్ళ దొంగతనాలే అనుకుంటే పొరపాటు, ఇది నేను మొదట్లో గ్రహించలేదు. 2003లో జేమ్స్ స్పూనర్ అనే కుర్రాడు, తెల్లవాళ్ళ పంక్ గుంపుల్లో ఒంటరిగా మిగిలిన నల్ల పిల్లల మీద 'ఆఫ్రో-పంక్' అని డాక్యుమెంటరీ తీశాడు. వాళ్ళంతా ఒకచోట చేరడానికి 2005లో బ్రూక్లిన్‌లో పండగ మొదలైంది. ప్రవేశం ఉచితం. స్పూనర్ కొన్నేళ్ళకే తప్పుకున్నాడు. స్పాన్సర్లు వచ్చారు, తర్వాత టిక్కెట్టు వచ్చింది. 2018లో, ఈ పండగ తెల్లవాళ్ళ వినియోగానికి అమ్ముడుపోయిందని చొక్కా మీద రాసుకొచ్చిన ఒక నల్ల జంటను తెరవెనక భాగం నుంచి బయటికి పంపించారు. వెళ్ళగొట్టింది ఏ తెల్ల కంపెనీయో కాదు. గుంపులో ఇమడని పిల్లల కోసం పెట్టిన పండగలో వాళ్ళ మాటే ఇమడలేదు.

గ్రెగ్ టేట్ అనే నల్ల విమర్శకుడు 2003లో ఒక పుస్తకానికి సంపాదకత్వం వహించి, 'బరువు తప్ప అన్నీ' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. నల్లవాళ్ళ దగ్గర అన్నీ తీసుకుంటారు, నల్లగా బతకడంలోని బరువు తప్ప అని. మొన్నామధ్య మా చుట్టాల పెళ్ళిలో ఆ పేరు గుర్తొచ్చింది. ఈవెంటు వాళ్ళు మెరుపు కోట్లు వేసిన పట్నం కుర్రాళ్ళను తెచ్చి తప్పెట్లు కొట్టించారు. ఫోటోలు, వీడియోలు, వధూవరుల చిందులు. ఆ ఊళ్ళో మూడు తరాలుగా తప్పెట కొట్టే పెద్దాయన పందిరి బయట, చెప్పులు విడిచే చోట నిలబడి చూస్తున్నాడు. లోపలికి రమ్మని పిలిచాను. 'చావుకు పిలవండి సామీ, వస్తా' అన్నాడు. గిద్దలూరు పాఠకులు దీన్ని గాలి అంటారేమో మరి.

ప్ర: ఎక్కడో అమెరికా, ఆఫ్రికా. తెలుగు పత్రికలో ఇంత అవసరమా?
— పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు

జ: హైదరాబాదు పోయినప్పుడు ఏసీ గార్డ్స్‌లో దిగారా? ఏసీ అంటే చల్లటి గాలి కాదు, 'ఆఫ్రికన్ కావల్రీ'. నిజాం కొలువులో ఆఫ్రికా సంతతి గుర్రపు దళం ఉన్న పేట అది. అక్కడి పెళ్ళిళ్ళ మర్ఫా వాయిద్యంలో ఆ సిద్దీల చేతివాటం ఉంది. 1972లో బొంబాయిలో దళిత యువకులు పాంథర్లని పేరు పెట్టుకున్నది, అమెరికాలో నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్లను చూసే. 1985 జులైలో కారంచేడులో దళితుల్ని చంపాక చీరాలలో శిబిరం వేసుకున్నవాళ్ళకు ఈ సంగతులు ఎక్కడివో కాదు. అవసరమే.

ప్ర: సార్, మాది యానాది కాలనీ. మా నాయనమ్మ శ్రీహరికోట దీవిలో పుట్టింది. రాకెట్ సెంటరు వచ్చినప్పుడు వాళ్ళను బయటికి పంపేశారు. రాకెట్టు ఎగిరినప్పుడల్లా మేమంతా బయటికొచ్చి చూస్తాం, ఆమె మాత్రం రాదు. దాని మీద కథ రాశాను. అందులో నాయనమ్మ రాకెట్టు ఎక్కుతుంది. మా లెక్చరరు 'ఇది సైన్సూ కాదు, కథా కాదు' అన్నారు. మీకు పంపుతున్నాను.
— డిగ్రీ విద్యార్థి, ముత్తుకూరు

జ: నాయనా, నీ కథ రెండుసార్లు చదివాను. నేనూ రాకెట్టు రోజున మిద్దె ఎక్కేవాణ్ణే. 1979లో మొదటి పెద్ద రాకెట్టు ఎగిరి సముద్రంలో పడిన రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా భోంచేయలేదు. ఆ దీవిలో అంతకుముందు ఎవరున్నారని ఒక్కసారైనా అడగలేదు.

నీ నాయనమ్మ బయటికి రాకపోవడం ఎట్టాంటిదో తెలుసా? 1969 జులైలో, చంద్రుడి మీదికి అపోలో బయల్దేరే ముందురోజు, రాల్ఫ్ అబెర్నాథీ అనే నల్లజాతి నాయకుడు పేద కుటుంబాలను వెంటబెట్టుకుని, కంచరగాడిదల బండితో రాకెట్ సెంటరు గేటు దగ్గరికి పోయాడు. అంత డబ్బు పైకి పంపుతున్నారే, ఇక్కడ పిల్లలు ఆకలితో ఉన్నారన్నాడు. నాసా అధిపతి చినుకుల్లో నిలబడి విన్నాడు. మీట నొక్కకపోతే మీ ఆకలి తీరుతుందంటే అసలు నొక్కేవాళ్ళమే కాదన్నాడు. కొన్ని కుటుంబాలకు మర్నాడు దగ్గర కూర్చుని చూసే చోటిచ్చాడు. మరుసటేడు గిల్ స్కాట్-హెరాన్ అనే కుర్ర కవి, తన చెల్లెల్ని ఎలుక కరిచిందని, వైద్యుడికి డబ్బు లేదని, తెల్లోడు మాత్రం చంద్రుడి మీద ఉన్నాడని పాడాడు.

'సైన్సు కాదు' అన్నవాళ్ళకు ఆక్టేవియా బట్లర్ సంగతి చెప్పు. కాలిఫోర్నియాలో ఇళ్ళలో పాచిపని చేసిన తల్లి బిడ్డ. చిప్స్ ఫ్యాక్టరీలో చిప్స్ ఏరే పని చేస్తూ, తెల్లవారుజామున రెండింటికే లేచి రాసుకునేది. 1979లో ఒక నవలలో, ఇప్పటి నల్ల యువతిని బానిసల కాలంలోకి లాక్కుపోయింది. ఎట్టా పోయిందో, ఏ యంత్రమో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. 1995లో అమెరికాలో పేరుగొప్ప మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, సైన్సు కథల రచయితల్లో మొదట ఆమెకే.

ఇక నీ కథలో లోపాలు. మూడో పేజీలో శాస్త్రవేత్త ఉపన్యాసం తీసెయ్యి, అది మీ లెక్చరరు కోసం రాసినట్టుంది. నాయనమ్మ రాకెట్టు ఎక్కేటప్పుడు వెండి బట్టలు ఎందుకు వేశావు? సినిమాలో చూసి వేసినట్టున్నావు. ఆమె ఏ చీరతో దీవి దాటిందో అడిగి ఆ చీరే కట్టించు. దీవిలో ఏ చెట్టు కింద ఏ దుంప తవ్వేదో, ఏ వాగులో చేపలు పట్టేదో, వాటికి వాళ్ళ పేర్లేమిటో కూర్చోబెట్టి అడుగు. పైనుంచి కిందికి చూసినప్పుడు ఆమెకు ముందు కనపడాల్సింది ఆ చెట్టు. తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, నా కళ్ళు మునుపట్లా లేవు.